అనుదినాహారము వెనకున్న గ్రీకు మాట: ఎపియూసియోస్

(బైబిలు అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ వందనాలు. బైబిళ్ళు తెరవండి. మత్తయి సువార్త 6వ అధ్యాయం, 11వ వచనం. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." తెరవకుండానే చెప్పేస్తున్నారు కొందరు. యేసు శిష్యులకు నేర్పిన ప్రభువు ప్రార్థనలోది, సండేస్కూలు నాటి నుంచి నోటికి వచ్చిన వాక్యం కదా. ఈ గంటా ఆ ఒక్క వాక్యం మీదే కూర్చుందాం. అందులోనూ "అనుదిన" అన్న సగం మాట మీద.

గ్రీకు వాక్యాన్ని తెలుగు లిపిలో బోర్డు మీద రాస్తున్నాను. తోన్ ఆర్తోన్ హేమోన్ తోన్ ఎపియూసియోన్ దోస్ హేమిన్ సేమెరోన్. ఆర్తోన్ అంటే రొట్టె. హేమోన్ అంటే మా. దోస్, ఇవ్వు. హేమిన్, మాకు. సేమెరోన్, నేడు. గ్రీకు మొదలుపెట్టిన నెలకే ఇవన్నీ వచ్చేస్తాయి. మిగిలింది ఎపియూసియోన్. విభక్తి తీసేస్తే ఎపియూసియోస్. అది విశేషణం, రొట్టె ఎలాంటిదో చెప్పాలి. సరిగ్గా అక్కడే పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళుగా తకరారు నడుస్తోంది.

ఎందుకంటే ఈ మాట ఇంకెక్కడా దొరకదు. మత్తయి 6:11లో ఉంది. లూకా 11:3లో ఉంది. దిదఖే అని తొలినాటి సంఘ క్రమాలు చెప్పే చిన్న పుస్తకం ఉంది, దాని 8వ అధ్యాయంలో ఉంది. మూడుచోట్లా ఇదే ప్రార్థన. అంటే లెక్కకు మూడున్నా సాక్ష్యం ఒక్కటే. హోమరు దగ్గర్నుంచి అంగట్లో చిట్టాల దాకా అంత గ్రీకు మనకు మిగిలింది కదా, అందులో ఈ ప్రార్థనను ఎత్తి రాసినవాళ్ళనూ దాన్ని వివరించినవాళ్ళనూ తీసేస్తే ఈ మాట లేదు. ఇది మనం కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. మూడో శతాబ్దంలో ఓరిగెను, అలెగ్జాండ్రియాలో గ్రీకు మాట్లాడుతూ పెరిగినవాడు, ప్రార్థన మీద రాసిన గ్రంథంలో ఈ మాట పండితుల రాతల్లోనూ లేదు, జనం నోటా లేదు, సువార్తికులే కల్పించినట్టుంది అన్నాడు. సొంత భాషవాడికే కొత్తగా తోచిన మాట అది. మనం దానికి ఒక్క ఊపులో అర్థం చెప్పేస్తున్నామంటే ఎక్కడో తొందరపడుతున్నట్టే.

మధ్యలో ఒకసారి ఆశ పుట్టింది. ఈజిప్టులో ఫయ్యూం ప్రాంతంలో హవారా అనే చోట ఫ్లిండర్స్ పీట్రీ తవ్వకాల్లో పాపిరస్ ముక్కలు బయటపడ్డాయి. అందులో ఒకటి ఇంటి ఖర్చుల చిట్టా. సేస్ అనే పండితుడు దాన్ని చదివి 1889లో అచ్చువేశాడు. ఒక పంక్తిలో అర ఒబోలు ఖర్చు, దాని పక్కన "ఎపియూసి..." అని సగం మాట. ఒబోలు అంటే చిల్లర నాణెం. ఆ సంగతి తర్వాత నిఘంటువుల వాళ్ళ కంటపడింది. ఇంకేం, మాట దొరికింది, అర్థం "రోజువారీ బత్తెం" అయ్యుంటుంది అన్నారు. చాలా పుస్తకాలు అలాగే రాసుకున్నాయి. సరి చూద్దామంటే ఆ ముక్క కనబడకుండా పోయింది. దశాబ్దాల తరబడి ఆ ఒక్కడి నకలే దిక్కు. చివరికి అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో అది బయటపడింది. పాపిరస్ లిపి చదవడంలో చేయి తిరిగినవాళ్ళు మళ్ళీ చదివి 1999లో ప్రకటించారు. అక్కడ ఉన్నది ఎపియూసి కాదు, "ఎలాయూ". అంటే నూనె. అర ఒబోలు పెట్టి కొన్నది నూనె, అంతే.

పాత వ్యాఖ్యానాలు కొన్ని మీ అలమరల్లో ఉంటాయి. "ఈ మాట ఒక పాపిరస్ చిట్టాలో దొరికింది" అని వాటిలో కనిపిస్తే పెన్సిలు తీసుకుని పక్కన "నూనె" అని రాసుకోండి.

సరే, వాడుక లేదు. మాటకు అర్థం తేల్చేది మామూలుగా వాడుకే. పది చోట్ల ఎలా వాడారో చూసి అర్థం పట్టుకుంటాం. వాడుక లేనప్పుడు మాటను విడగొట్టి చూడటం తప్ప దారి లేదు. కానీ విడగొట్టడంలో ప్రమాదం ఉంది. మన "అభ్యంతరం" తీసుకోండి. సంస్కృతంలో దానికి లోపలిది అని అర్థం. తెలుగులో "నాకేం అభ్యంతరం లేదు" అంటే నాకు లోపలిదేదీ లేదని కాదు కదా. మన బైబిల్లో అయితే "అభ్యంతరము" అంటే తొట్రుపాటు కలిగించేది. ముక్కలు చూసి అర్థం చెప్పేవాడు ఇక్కడ బోల్తా పడతాడు. అందుకని విడగొడదాం గానీ, ఒళ్ళు దగ్గర పెట్టుకుని విడగొడదాం.

మొదటి విడదీత: ఎపి + ఊసియా. ఎపి అంటే మీద, కోసం. ఊసియా అంటే ఉనికి, సత్తా, తత్వం. అలా చూస్తే "ఉనికికి కావలసిన రొట్టె" అనవచ్చు. ఓరిగెను ఇటే మొగ్గాడు, ఆత్మను నిలిపే రొట్టె అన్నాడు.

ఇక్కడ వ్యాకరణం అడ్డొస్తుంది. మన తెలుగువాళ్ళకు ఇది ఇట్టే తెలుస్తుంది. ఏమి + అంటివి, ఏమంటివి. ఇకారం మీద అచ్చు వచ్చింది, ఇకారం పోయింది. ఇత్వ సంధి. గ్రీకులో ఎపి కూడా అంతే చేస్తుంది. ఎపి + ఊరానోస్, అంటే ఆకాశం, కలిస్తే ఎపూరానియోస్. ఎఫెసీ 1:3లో "పరలోక విషయములలో" అన్నచోట ఉన్నది ఆ మాటే. ఇకారం ఎగిరిపోయింది చూశారా? మన మాటలోనూ ఎపి తర్వాత వచ్చేది అదే ఊ. మరి ఊసియాతో కలిస్తే ఎపూసియోస్ కావాలి, ఎపియూసియోస్ ఎలా అయింది?

అయితే మన ఇత్వ సంధి కూడా వైకల్పికమే. ఏమియంటివి అనీ అనొచ్చు. గ్రీకులోనూ ఇకారం నిలిచిన మాటలున్నాయి. ఇదే కొండమీది ప్రసంగంలో, మత్తయి 5:33లో, "అప్రమాణము చేయక" అన్నచోట క్రియ ఎపియోర్కేయో. ఇకారం చక్కగా ఉంది. ఫిలిప్పీ 4:5లో "సహనము" అన్నచోట ఎపియేకేస్. అక్కడా ఉంది. కానీ కారణం కూడా ఉంది. మొదటిదానిలో రెండో ముక్క హోర్కోస్, దాని ముందు హకారపు ఊపిరి ఉంది. రెండోదానిలో పాతకాలంలో ఒక వకారం ఉండి జారిపోయింది. హల్లు అడ్డం ఉన్నచోట ఇకారం బతికింది. ఊసియా ముందు అలాంటి హల్లేదీ లేదు. కాబట్టి ఈ విడదీత అసాధ్యం అనను, బలహీనం అంటాను.

ఇంకో సంగతి. ఊసియా అనగానే మనకు 325లో జరిగిన నీకయ సభ గుర్తొస్తుంది. తండ్రితో కుమారుడు ఏకతత్వము గలవాడని చెప్పడానికి వాడిన హోమోఊసియోస్ లోపల ఉన్నది ఇదే ఊసియా. ఆ బరువంతా వెనక్కి తెచ్చి ప్రభువు ప్రార్థనలో పెట్టేస్తాం. కొత్త నిబంధనలో ఊసియా అన్న మాట ఉన్నది ఎక్కడో తెలుసా? లూకా 15లో, తప్పిపోయిన కుమారుడి కథలో, 12, 13 వచనాల్లో. "ఆస్తిలో నాకు వచ్చు భాగ మిమ్మని" అడిగాడే, ఆ ఆస్తి ఊసియా. పొలాలూ పశువులూ డబ్బూ. జనం నోట ఊసియా అంటే అదీ.

రెండో విడదీత: ఉండు అనే క్రియ నుంచి. ఎపి తేన్ ఊసాన్, హేమెరాన్ (రోజు) అన్న మాట మనసులో వేసుకుని, "ఉన్న రోజుకు", అంటే ఇవాళ్టికి. అర్థం బాగుంది గానీ ఇకారం ఇబ్బంది దీనికీ ఉంది. పైగా "నేడు" అని వాక్యం చివర ఎలాగూ ఉంది. ఇవాళ్టి రొట్టె ఇవాళ ఇవ్వు అని రెండుసార్లు చెప్పడమెందుకు?

మూడో విడదీత: ఎపియేనై, అంటే మీదికి రావడం, రాబోవడం. ఇక్కడ ఇకారం క్రియలోనే ఉంది, పోయే ప్రసక్తే లేదు. సంధి గొడవ లేదు. దీనికి వాడుక కూడా ఉంది. ఎపియూసా అంటే "వచ్చే రోజు". అపొస్తలుల కార్యములు 16:11 తీయండి. పౌలు త్రోయ విడిచి ఓడెక్కి సమొత్రాకేకు, "మరునాడు నెయపొలికిని" వెళ్ళాడు. ఆ "మరునాడు" అన్నది ఎపియూసా. 20:15లోనూ 21:18లోనూ ఇదే. 23:11లో వచ్చే రాత్రికి కూడా ఇదే మాట. బైబిల్లోని ఒక్కో గ్రీకు మాటకు స్ట్రాంగ్ అనే నిఘంటుకారుడు ఇచ్చిన వరుస సంఖ్యలు చూసే అలవాటున్నవాళ్ళు గమనించండి, ఎపియూసా 1966, ఎపియూసియోస్ 1967. పక్కపక్క ఇళ్ళు.

ఆ స్ట్రాంగ్ నిఘంటువు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. 1967 కింద ఆయన రాసింది ఏంటంటే, బహుశా 1966 నుంచి వచ్చి "రేపటి" అని కావచ్చు, అంతకన్నా బహుశా ఉండు అన్న క్రియ నుంచి వచ్చి "కావలసిన" అని కావచ్చు. అంటే ఆయనకే రెండు మనసులు. ఫోన్లో యాప్ తెరిచి చివరి ముక్క ఒక్కటే చదువుకుని వేదికెక్కి "గ్రీకులో దీని అసలు అర్థం" అని గట్టిగా చెప్పేస్తే, నిఘంటుకారుడి అనుమానాన్ని మన నిశ్చయంగా మార్చినట్టవుతుంది. ఎక్కువ పొరపాట్లు పుట్టేది ఇక్కడే.

పాత అనువాదకులు ఏం చేశారో చూస్తే వాళ్ళ తికమక కళ్ళకు కడుతుంది. జెరోము లాటిన్‌లో సువార్తలు సవరించింది నాలుగో శతాబ్దం చివర. మత్తయిలో ఆయన ఈ మాటకు సూపర్‌సబ్‌స్టాన్షియాలెమ్ అని పెట్టాడు, తత్వానికి అతీతమైన రొట్టె అని. లూకాలో అదే గ్రీకు మాటకు కొటిడియానుమ్, రోజువారీ రొట్టె అని ఉంచాడు. ఒకే మనిషి, ఒకే మాట, రెండు అనువాదాలు. ఆయనే ఇంకో కబురు కూడా చెప్పాడు. హెబ్రీయుల సువార్త అని పిలిచే పుస్తకంలో ఇక్కడ "మహర్" అని చూశానన్నాడు. మహర్ అంటే రేపు. ఆ పుస్తకం గ్రీకు నుంచి తర్జుమా అయినదే కావచ్చు, కాబట్టి యేసు పలికిన అరామిక్ మాట మన చేతికి చిక్కిందని ఎగిరి గంతేయకూడదు. అయినా, అంత పాతకాలంలో ఒకడు దాన్ని "రేపటి" అని అర్థం చేసుకున్నాడన్న మాట మాత్రం నిజం.

సిరియక్‌లో పాత అనువాదం "నిత్యమైన" అంటుంది, పెషిత్తా అనే తర్వాతి సిరియక్ అనువాదం "మా అవసరానికి తగిన" అంటుంది. గ్రీకు ఇరుగూ పొరుగూ ఉన్న ఈజిప్టులో కోప్టిక్ అనువాదాలు రెండు. దక్షిణపుది "రాబోయే" అంటుంది, ఉత్తరపుది "రేపటి" అంటుంది. నాకు వీళ్ళ సాక్ష్యం బరువైనదిగా తోస్తుంది. పక్కింటివాళ్ళ భాష కదా, చెవికి ఎలా వినబడిందో అలా రాసి ఉంటారు.

మన తెలుగుకు వద్దాం. మత్తయిలో "అనుదినాహారము". లూకాలో "మాకు కావలసిన అనుదినాహారము దినదినము మాకు దయచేయుము". "కావలసిన" అని లూకాలో అదనంగా ఒక మాట పడింది చూశారా? ఒక్క గ్రీకు మాటకు మనవాళ్ళు రెండర్థాలూ కలిపి పెట్టారు. కతోలిక సంఘాల్లో పెద్దవాళ్ళు చెప్పే పాత ప్రార్థనలో "నానాటికి కావలసిన మా అన్నము" అని వినిపిస్తుంది, అక్కడా అదే ఉపాయం. అన్నము అనడం నాకు భలే ఇష్టం. ఆర్తోస్ అంటే రొట్టే గానీ, హెబ్రీలో లెహెమ్ లాగే మొత్తం భోజనానికీ అదే మాట. తెలుగువాడికి "అన్నం తిన్నావా" అంటే కూరా పప్పూ అన్నీ అందులోనే. (ఇంకో చిన్నమాట: తెలుగులో "మా" అన్నారు, "మన" అనలేదు. వింటున్న దేవుణ్ణి ఆ తినేవాళ్ళ లెక్కలోంచి తీసేశారు. గ్రీకు హేమోన్‌లో ఈ తేడా లేదు, అది మన భాష చేసిన పని.)

అయితే "అనుదిన" వల్ల ఒక నష్టం జరిగింది. అపొస్తలుల కార్యములు 6:1లో విధవరాండ్రను "అనుదిన పరిచర్యలో" చిన్నచూపు చూశారని ఉంది. అక్కడి గ్రీకు మాట కథేమెరినోస్. రోజువారీ అనడానికి మామూలు మాట అదీ. యాకోబు 2:15లో "ఆ నాటికి భుక్తిలేక" అన్నచోట ఎఫేమెరోస్. ఇంకో మామూలు మాట. రోజూ అనడానికి నోటి దగ్గర రెండు మూడు మాటలున్నప్పుడు, ఎవరూ ఎరగని మాట తెచ్చి పెట్టారంటే ఉత్త "రోజువారీ" కన్నా వేరే ఏదో చెప్పాలనుకుని ఉంటారు. తెలుగులో రెండుచోట్లా "అనుదిన" అనేసరికి ఆ తేడా మనకు కనబడదు.

ఇప్పుడు మీలో ఒకరు అడగాలి. "రేపటి రొట్టె నేడు ఇవ్వు" అని అర్థమైతే, ఇదే అధ్యాయం 34వ వచనంలో "రేపటినిగూర్చి చింతింపకుడి" అని ఎలా అన్నాడు? సరైన ప్రశ్న. రెండు జవాబులున్నాయి. ఒకటి, 34లో రేపు అన్నది ఔరియోన్, వేరే మాట. ఎపియూసా గడియారాన్ని బట్టి మారుతుంది. తెల్లవారుజామున అంటే ఎదురుగా వస్తున్న ఈ రోజు, పొద్దుగూకాక అంటే మరునాడు. మనం "తెల్లారితే" అంటామే, దాదాపు అలాంటిది.

రెండోది, కూలివాడి సాయంత్రం. మత్తయి 20 తీయండి. ద్రాక్షతోట యజమాని రోజుకు ఒక దేనారం ఒప్పుకున్నాడు. కూలి ఇచ్చింది ఎప్పుడు? సాయంకాలమైనప్పుడు. ధర్మశాస్త్రం కూడా అంతే. లేవీయకాండము 19:13లో కూలివాడి కూలి మరునాటి వరకు దగ్గర ఉంచుకోకూడదు. ద్వితీయోపదేశకాండము 24:15లో సూర్యుడు అస్తమించకముందే ఇచ్చేయాలి, వాడు బీదవాడు, దాని మీదే ఆశపెట్టుకున్నాడు. సాయంత్రం ఆ దేనారం చేతిలో పడితే దాంతో గింజలు కొనాలి, ఇంట్లో ఆడవాళ్ళు తిరగలి తిప్పాలి, పిండి కలపాలి, కాల్చాలి. ద్వితీయోపదేశకాండము అదే అధ్యాయం 6వ వచనంలో తిరగలి తాకట్టు పట్టవద్దని ఉంది, దాని పైరాయి కూడా పట్టవద్దని. పైరాయి పట్టుకుపోతే ఆ పూట పిండి లేదు. ప్రకటన 6:6లో కరువు ధర ఉంది, దేనారానికి ఒక సేరు గోధుమలు. మనవాళ్ళు సేరు అన్నచోట గ్రీకులో ఖోయినిక్స్, ఇంచుమించు ఒక లీటరు కొలత. ఒక మనిషి ఒక రోజు గింజ అంతే. కరువులో రోజంతా చేసిన కూలి ఒక్క కడుపుకే సరి, పెళ్ళాం పిల్లలకు యవలే గతి. ఇలాంటివాడు సాయంత్రం కూలి కోసం నిలబడి "వచ్చే రోజుకు సరిపడే రొట్టె ఇవాళ ఇవ్వు" అంటే అందులో దాచుకునే ఆశ లేదు. తెల్లారితే పొయ్యి వెలగాలి, అంతే. రేపటి బియ్యం ఈ పూట డబ్బాలో ఉంటేనే రేపటి గురించి చింత ఉండదు. 34వ వచనానికి ఇది విరోధం కాదు, దానికి మెట్టు.

అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారం, ఆ మన్నా కథలో కూడా ఇదే కొలత. నిర్గమకాండము 16:4లో "ఏనాటి బత్తెము ఆనాడే" అని మన అనువాదకులు ఎంత అందంగా అన్నారో. తలకు ఒక ఓమెరు, ఏఫాలో పదోవంతు. తెల్లవారేదాకా ఉంచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. కానీ ఆరో రోజు తలకు రెండు ఓమెర్లు, విశ్రాంతి దినపు రొట్టె ముందురోజే ఇచ్చేశాడు. అది పురుగు పట్టలేదు. రాబోయే రోజుది నేడే ఇవ్వడం అక్కడ జరిగింది. ప్రార్థన దీన్ని తలచుకునే రాశారని నేను రుజువు చేయలేను గానీ, చదివేటప్పుడు నాకు వెంటనే తట్టేది ఇదే.

లూకా గురించి ఒక్క నిమిషం. మత్తయిలో క్రియ దోస్, ఒక్కసారి ఇవ్వు, దాంతో "నేడు". లూకాలో దిదూ, ఇస్తూ ఉండు, దాంతో తో కథ్ హేమెరాన్, దినదినము. క్రియా, రోజు చెప్పే మాటా మారినా ఎపియూసియోస్ మాత్రం రెండిటిలోనూ మారలేదు. అంటే గ్రీకు మాట్లాడే సంఘాల్లో ఈ ప్రార్థన నోటికి పట్టేనాటికే ఈ వింత మాట అందులో గట్టిగా అతుక్కుపోయింది, సులువైన మాట పెడదామని ఎవరూ పీకలేదు. లూకాలో "దినదినము" వేరేగా ఉంది కాబట్టి, ఎపియూసియోస్‌కు కూడా "అనుదిన" అనే అర్థం చెబితే ఆ వాక్యంలో ఒకే మాట రెండుసార్లు వచ్చినట్టవుతుంది. మన తెలుగు లూకాలో సరిగ్గా అదే జరిగింది, మళ్ళీ చదివి చూడండి.

కాబట్టి ప్రసంగం తయారు చేసుకునేటప్పుడు మూడో విడదీత మీద ఆనుకోండి: "రాబోయే రోజుకు సరిపడే". బల్లారాధన నాడు ఆత్మీయమైన రొట్టె గురించి చెప్పాలనుకుంటే యోహాను 6లో "జీవాహారము నేనే" అన్న మాట సూటిగా ఉంది, అక్కడి నుంచి చెప్పండి. ఊసియాను లాక్కొచ్చి ఈ వాక్యం మీద రుద్దక్కర్లేదు.

ఆ వెనక ఒకరు చెయ్యెత్తారు. "మరి ఆదివారం ఆరాధనలో ఈ మాట మార్చి చదవాలా?" అని కదా? వద్దండి. ఎనభై ఏళ్ళ ముసలమ్మ కళ్ళు మూసుకుని చెప్పుకునే మాటను మధ్యలో ఆపి సరిదిద్దకండి. బైబిలు అంచున పెన్సిలుతో "లేక, రాబోవు దినమునకు తగిన" అని రాసుకోండి చాలు. ఇప్పుడు లూకా 11 తీయండి, 5వ వచనం నుంచి చదువుదాం. అర్ధరాత్రి స్నేహితుడి తలుపు తట్టి మూడు రొట్టెలు బదులడిగినవాడు అక్కడే ఉన్నాడు, ప్రార్థన ముగిసీ ముగియగానే.